మొదటి 72 గంటలకు బడ్జెట్‌లో లైను లేదు: ఒక రీఎంట్రీ గ్రాంట్ కేస్ స్టడీ

2021 సెప్టెంబర్ చివరి వారంలో మాకు గ్రాంట్ మంజూరైందని మెయిల్ వచ్చింది. అమెరికాలో ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్ 30తో ముగుస్తుంది కాబట్టి ఇలాంటి కబుర్లు ఎక్కువగా ఆ రోజుల్లోనే వస్తాయి. ప్రాజెక్టు అక్టోబర్ 1న మొదలు. మూడేళ్ళు, ఏడు లక్షల డాలర్లకు కొంచెం పైన. మాది జైలు నుంచి విడుదలైనవాళ్ళు మళ్ళీ బయట నిలదొక్కుకోవడానికి (దీన్నే రీఎంట్రీ అంటారు) సాయం చేసే, తొమ్మిదేళ్ళుగా విరాళాల మీద నడుస్తున్న సంస్థ, జీతాలు తీసుకునేవాళ్ళం 11 మందిమి. ఆఫీసులో కేకు కోశాం, ఫొటోలు దిగాం. ఆ గ్రాంట్‌లోంచి మొదటి డాలరు మా ఖాతాలో పడింది మార్చిలో. మేము చూసుకుంటామని రాసిచ్చిన మొదటి మనిషి జైలు గేటు దాటి బయటికి వచ్చింది నవంబర్‌లో.

నేను అక్కడ గ్రాంట్స్ మేనేజర్‌ని. అప్లికేషన్ రాసింది నేనే, బడ్జెట్ వేసింది నేనే. కాబట్టి ఈ కేసులో చాలా తప్పులు నావే. సంస్థ పేరు, రాష్ట్రం పేరు చెప్పను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

తెలుగులో చెప్పేటప్పుడు రెండు మాటల దగ్గర తికమక వస్తుంది, అవి ముందే చెప్పేస్తాను. మనకు అన్నీ జైళ్ళే. ఇక్కడ కౌంటీ జైలు వేరు, రాష్ట్ర ప్రిజన్ వేరు. విచారణలో ఉన్నవాళ్ళు, మామూలుగా ఏడాదిలోపు శిక్ష పడ్డవాళ్ళు కౌంటీ జైల్లో ఉంటారు. పెద్ద శిక్షలు పడ్డవాళ్ళు ప్రిజన్‌కి వెళ్తారు. మేము పనిచేసింది ప్రిజన్ నుంచి వచ్చేవాళ్ళతో. రెండోది పరోల్. ఇండియాలో పరోల్ అంటే ఇంట్లో పెళ్ళో చావో ఉంటే కొన్నాళ్ళు బయటికి వదిలి మళ్ళీ లోపలికి రమ్మనడం. ఇక్కడ పరోల్ అంటే శిక్షలో మిగిలిన భాగాన్ని బయటే, ఒక ఆఫీసర్ నిఘాలో గడపడం. షరతు తప్పితే, కొత్త నేరం ఏమీ చేయకపోయినా, వెనక్కి పంపొచ్చు. ఈ తేడా తెలియకపోతే కింద చెప్పే కథ సగం అర్థం కాదు.

డబ్బు సెకండ్ ఛాన్స్ యాక్ట్ కింద వచ్చింది. 2004 జనవరిలో స్టేట్ ఆఫ్ ది యూనియన్ ప్రసంగంలో జార్జ్ డబ్ల్యూ. బుష్, జైలు నుంచి వచ్చేవాళ్ళ కోసం నాలుగేళ్ళకు 30 కోట్ల డాలర్ల కార్యక్రమం ప్రతిపాదించారు. చట్టం అయ్యేసరికి నాలుగేళ్ళు పట్టింది, 2008 ఏప్రిల్ 9న ఆయన సంతకం చేశారు. 2018 డిసెంబర్‌లో ఫస్ట్ స్టెప్ యాక్ట్ అనే జైలు సంస్కరణల చట్టంలో భాగంగా దాన్ని పొడిగించారు, అప్పుడు సంతకం ట్రంప్‌ది. న్యాయశాఖలో బ్యూరో ఆఫ్ జస్టిస్ అసిస్టెన్స్ ఈ గ్రాంట్లు చూస్తుంది. ఉద్యోగాల వైపు గ్రాంట్లు వేరుగా కార్మిక శాఖ ఇస్తుంది.

రాసిచ్చినది

మూడేళ్ళలో 150 మంది. అందరూ మళ్ళీ నేరంలో పడే రిస్క్ మధ్యస్థంగానో ఎక్కువగానో ఉన్నట్టు ఒక ప్రామాణిక అసెస్‌మెంట్‌లో తేలినవాళ్ళు. విడుదలకు మూడు నెలల ముందే లోపలికి వెళ్ళి చేర్చుకోవాలి, బయటికి వచ్చాక తొమ్మిది నెలలు వెంట ఉండాలి. ఇద్దరు కేస్ మేనేజర్లు, జైలు జీవితం స్వయంగా చూసిన ఒక పీర్ మెంటర్, వారానికి కొన్ని గంటలు ఒక సైకాలజిస్ట్, తాత్కాలిక వసతికి ఒక భాగస్వామి సంస్థ, ఇవీ మేము చెప్పిన ఏర్పాట్లు.

తేలిక కేసులు కాకుండా కష్టమైనవే ఎందుకు అని మా బోర్డులో ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. డాన్ ఆండ్రూస్, జేమ్స్ బాంటా అనే కెనడా పరిశోధకులు రూపొందించిన రిస్క్-నీడ్-రెస్పాన్సివిటీ పద్ధతి ఈ రంగానికి పునాది. ఎవరికి ప్రమాదం ఎక్కువో వాళ్ళ మీదే ఎక్కువ గంటలు పెట్టాలంటుంది. తక్కువ రిస్క్ ఉన్న మనిషి ఎలాగూ నిలదొక్కుకుంటాడు. అతన్ని తెచ్చి రోజూ క్లాసుల్లో కూర్చోబెడితే ఉన్న ఉద్యోగం చెడుతుంది, కొత్త చెడు స్నేహాలు అంటుకుంటాయి. అయినా సిబ్బంది చేయి తేలిక కేసుల వైపే పోతుంది. ఫోన్ ఎత్తేవాళ్ళు, టైముకి వచ్చేవాళ్ళు వాళ్ళే కదా. మొదటి ఏడాది నేను అసెస్‌మెంట్ స్కోర్లు తిరగేసి చూస్తే, తేలిక మనుషులు కూడా అర్హులయ్యేలా కొన్ని కేసుల్లో స్కోరుని కాస్త పైకి నెట్టినట్టు అనిపించింది. నిరూపించలేను. ఆ తర్వాత స్కోరు వేసేవాళ్ళు, చేర్చుకునేవాళ్ళు ఒకరే కాకుండా విడదీశాం.

అక్టోబర్ నుంచి మార్చి దాకా

మంజూరైంది అంటే డబ్బు చేతికి వచ్చిందని కాదు. బడ్జెట్ పరిశీలన పూర్తయ్యేదాకా చాలా మొత్తం మీద తాళం ఉంటుంది. ఆ తాళం త్వరగా తీయించుకోవడం మన చేతిలోనే ఉంటుంది, నేను చేయలేకపోయాను.

మొదటి తప్పు సైకాలజిస్ట్ రేటు. న్యాయశాఖ గ్రాంట్లలో కన్సల్టెంట్‌కి రోజుకు 650 డాలర్లు, అంటే గంటకు 81 డాలర్ల 25 సెంట్లు మించితే ముందుగా కారణం చూపి అనుమతి తీసుకోవాలి. నేను గంటకు 100 అని రాసి ఊరుకున్నాను. రెండో తప్పు పెద్దది. వసతి ఇచ్చే భాగస్వామిని కాంట్రాక్టు లైనులో పెట్టాను. వాళ్ళు మనకు ఒక సరుకో సేవో అమ్మితే అది కాంట్రాక్టు. ప్రాజెక్టులో ఒక భాగాన్ని తమ నిర్ణయాలతో తామే నడిపితే అది సబ్‌అవార్డు. పేరు ఏది పెట్టుకున్నా చేసే పనిని బట్టే లెక్క. దాని పర్యవేక్షణ వేరు, అనుమతి వేరు, కాగితాలు వేరు. సరిచేసి పంపడం, ప్రశ్న రావడం, మళ్ళీ పంపడం. మధ్యలో పండగ సెలవులు.

ఈలోగా ఇద్దరు కేస్ మేనేజర్లకు జీతాలు మొదలైపోయాయి. అక్టోబర్ 1 అని ఉంది కదా అని అక్టోబర్‌లోనే చేర్చుకున్నాం. నిల్వ డబ్బు కరిగిపోతుంటే మా డైరెక్టర్‌గారు బ్యాంకులో 60 వేల డాలర్ల క్రెడిట్ లైన్ తెరిచారు. రోజువారీ నడకకు తెచ్చిన అప్పు మీద వడ్డీని ఫెడరల్ గ్రాంట్‌లో వేయడానికి వీల్లేదు. అది మళ్ళీ విరాళాల్లోంచే. జనవరిలో బోర్డు మీటింగ్‌లో ఉన్న టెన్షన్ ఇప్పుడు తలుచుకున్నా కడుపులో తిప్పుతుంది.

తాళం తీశాక కూడా ఒకేసారి తీసుకునే పని ఉండదు. పది రోజుల్లో ఖర్చయ్యేంత వరకే డ్రా చేయాలి. ప్రతి మూడు నెలలకు ఆర్థిక నివేదిక, క్వార్టర్ ముగిసిన 30 రోజుల్లోపు. ఒకసారి మా అకౌంటెంట్ సెలవులో ఉండి రెండు రోజులు ఆలస్యమైంది. డ్రా ఆగిపోయింది. ఎవరూ మనల్ని తిట్టరు, ఫోన్ చేయరు. సిస్టమ్ ఊరికే ఇవ్వడం మానేస్తుంది, అంతే. జీతాల ముందు రోజు తెలిసింది మాకు.

నవంబర్‌లో వచ్చిన మనిషి

వయసు యాభై దాటింది, పదేళ్ళకు పైగా లోపల ఉన్నాడు. కోవిడ్ నిబంధనల వల్ల మేము ఆయన్ని వీడియోలోనే రెండుసార్లు కలిశాం. విడుదల జనవరి అన్నారు. సత్ప్రవర్తనకు తగ్గించే రోజులు మళ్ళీ లెక్కగట్టేసరికి తేదీ నవంబర్‌కే వచ్చేసింది. మాకు సోమవారం తెలిసింది, విడుదల బుధవారం.

వసతి సంస్థతో సబ్‌అవార్డు కాగితాల మీద ఇంకా సంతకాలు కాలేదు. గది ఖాళీగా ఉంది, ఇవ్వడానికి ఆధారం లేదు. పీర్ మెంటర్‌ని గేటు దగ్గరికి పంపుదామంటే అప్పటికి ఆయన నియామకం పూర్తికాలేదు. ఆయనకు ప్రిజన్ లోపలికి వెళ్ళే అనుమతి కూడా రాలేదు. కారణం? ఆయన మాజీ ఖైదీ. మాజీ ఖైదీ కాబట్టే ఈ ఉద్యోగం ఇచ్చాం, మాజీ ఖైదీ కాబట్టే లోపలికి రానివ్వలేదు. అనుమతి ఐదు నెలలకు వచ్చింది.

బుధవారం ఆయన బస్సులో వచ్చి చిన్నాన్న కొడుకు ఇంట్లో దిగాడు. గురువారం పరోల్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళాడు. శుక్రవారం మా ఆఫీసుకి వచ్చాడు. ఫొటో ఐడీ లేదు. ఐడీ కావాలంటే బర్త్ సర్టిఫికెట్ కావాలి, ఆయన పుట్టింది వేరే రాష్ట్రంలో. ఆ రాష్ట్రం సర్టిఫికెట్ ఇవ్వాలంటే ఫొటో ఐడీ చూపించమంది. ప్రిజన్ ఇచ్చిన కార్డు వాళ్ళకు చెల్లదు. ఐడీ లేకుండా ఉద్యోగం లేదు, బ్యాంకు ఖాతా లేదు, సొంత పేరు మీద ఫోన్ లేదు. ఫోన్ లేదు కాబట్టి పరోల్ ఆఫీసర్ అపాయింట్‌మెంట్ మార్చిన సంగతి ఆయనకు చేరలేదు. మధ్యాహ్నం మా కేస్ మేనేజర్ ఆయనకు భోజనం పెట్టించి, ఫోన్ కొనుక్కోమని గిఫ్ట్ కార్డు ఇద్దామని నన్ను అడిగింది. మా గ్రాంట్ షరతుల్లో భోజనం కుదరదు, గిఫ్ట్ కార్డు కుదరదు, చేతికి డబ్బు కుదరదు. నేను కుదరదన్నాను. ఆమె తన జేబులోంచి భోజనం పెట్టించింది. ఫోన్ మాట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

రెండో వారంలో ఆ ఇంటివాళ్ళు ఇక ఉంచుకోలేమన్నారు. అద్దె ఒప్పందంలో కొత్త మనిషిని ఉంచుకునే వీలు లేదట. వీధిలోకి వచ్చినా వసతి కార్యక్రమాల్లో వెంటనే చోటు దొరకదు. ఫెడరల్ నిర్వచనంలో ఒక మెలిక ఉంది. నిరాశ్రయుడు జైలుకెళ్ళి 90 రోజుల్లోపు బయటికొస్తే నిరాశ్రయుడిగానే లెక్క. అంతకు మించి ఉంటే ఆ లెక్క తెగిపోతుంది, మళ్ళీ వీధి నుంచి మొదలుపెట్టాలి. మార్చిన అపాయింట్‌మెంట్‌కి ఆయన వెళ్ళలేదు, తర్వాతదానికీ వెళ్ళలేదు. డిసెంబర్‌లో షరతు తప్పినందుకు తిరిగి లోపలికి పంపారు. కొత్త నేరం ఏదీ లేదు.

మా మొదటి త్రైమాసిక నివేదికలో ఆయన ‘చేరినవారు: 1’ అనే అంకెలో ఉన్నాడు. ‘సేవలు మొదలైనవారు: 1’లో కూడా.

ఆ నివేదిక చూసి పీర్ మెంటర్ ఒక మాట అన్నాడు. “రెండో శనివారం రాత్రి ఆయన ఎక్కడ పడుకున్నాడో ఈ షీట్‌లో ఎక్కడుంది?” లేదు. తర్వాత ఆ ప్రశ్ననే మేము మా సొంత డేటా షీట్‌లో మొదటి కాలమ్ చేశాం.

మొదటి రోజులు అంత ముఖ్యమా అంటే, అది మా భావోద్వేగం మాత్రమే కాదు. వాషింగ్టన్ రాష్ట్ర ప్రిజన్ల నుంచి 1999కీ 2003కీ మధ్య విడుదలైన 30 వేల పైచిలుకు మందిని పరిశీలించిన అధ్యయనం 2007లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. విడుదలైన మొదటి రెండు వారాల్లో వాళ్ళు చనిపోయే ముప్పు మిగతా రాష్ట్ర జనం కంటే 12.7 రెట్లు. డ్రగ్స్ ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు 129 రెట్లు. లోపల ఉన్నన్నాళ్ళూ శరీరానికి మత్తు అలవాటు తగ్గిపోతుంది, బయటికి వచ్చి పాత మోతాదే తీసుకుంటారు. అప్లికేషన్‌లో నేను ఈ అంకెలు ఉదహరించాను కూడా. ఉదహరించి, మొదటి నెల బడ్జెట్‌ను ఖాళీగా వదిలేశాను.

ఏం మార్చాం

రెండో ఏడాది నుంచి పని తలకిందులు చేశాం. గ్రాంట్ డబ్బుతో ఏం చేయగలమో దానికి తగ్గట్టు మనిషిని సర్దడం మానేసి, ముందు విడుదల తేదీ రాసి, దానికి అటూ ఇటూ ఏ డబ్బు ఎక్కడ పనికొస్తుందో వేశాం.

విడుదలకు ఆరు నెలల ముందు పత్రాల పని మొదలు. బర్త్ సర్టిఫికెట్, సోషల్ సెక్యూరిటీ కార్డు కాపీ, రాష్ట్ర ఐడీ. వీటి ఫీజులు గ్రాంట్‌లో వేయడానికి ముందుగా బడ్జెట్‌లో చూపించి అనుమతి తీసుకున్నాం. ప్రిజన్‌తో రాతపూర్వక ఒప్పందం చేసుకుని, వారానికోసారి విడుదల తేదీల జాబితా సరిచూసుకునే ఏర్పాటు పెట్టాం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మా మొత్తం ప్రాజెక్టులో ఒక్కదాన్నే ఉంచుకోమంటే నేను దీన్ని ఉంచుకుంటాను. ఒకావిడ ప్రతి గురువారం ఉదయం అరగంట కూర్చుని లిస్టు చూసేది. ఆ అరగంట లేనప్పుడు మిగతా ఏదీ పనిచేయలేదు.

గేటు దగ్గరికి కారు. ఎవరో ఒకరు తప్పకుండా. మైలుకింత అని ఇచ్చే కారు ఖర్చు గ్రాంట్‌లోంచే.

ఇక గ్రాంట్ ముట్టుకోని ఖర్చులు, అంటే మొదటి భోజనం, ప్రీపెయిడ్ ఫోన్, చెప్పులు, ఒక రాత్రి మోటెల్, వీటికి విరాళాలతో వేరే నిధి పెట్టాం. మనిషికి 200 డాలర్లు, మొదటి 72 గంటల్లో, ఒక్క సంతకంతో. డైరెక్టర్‌గారు మొదట భయపడ్డారు, ఆడిట్‌లో ఏమంటారోనని. విరాళాల ఖాతా వేరు, రసీదులు వేరు, గ్రాంట్ పుస్తకాల్లో దాని నీడ కూడా పడదు అని చెప్పి ఒప్పించాను. షరతుల మీద నాకు కోపం లేదని కాదు, ఉంది. కానీ ప్రజల డబ్బుతో గిఫ్ట్ కార్డులు పంచితే ఏ పేపరు ఏం రాస్తుందో ఊహించుకుంటే ఆ షరతు ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. ప్రభుత్వ డబ్బు జీతాలకు, శిక్షణకు, నెలల తరబడి సాగే పనికి బాగుంటుంది. గురువారం సాయంత్రం ఆరింటికి కావలసిన నలభై డాలర్లకు అది పనికిరాదు. రెండూ ఒక చోట ఉండాలి, ఒకదాని పని ఇంకోటి చేయదు.

ఉద్యోగాల గురించి క్లుప్తంగా. యజమానుల భయం పోగొట్టడానికి 1966 నుంచి ఫెడరల్ బాండింగ్ అని ఒకటి ఉంది. మాజీ ఖైదీని తీసుకుంటే మొదటి ఆరు నెలలకు 5,000 డాలర్ల బాండ్ ఉచితం, ఉద్యోగి దొంగతనం చేస్తే నష్టం అది భరిస్తుంది. మేము ప్రతి యజమానికీ ఈ కరపత్రం ఇచ్చాం. తీసుకున్నవాళ్ళు చాలా తక్కువ. యజమానులు అడిగింది వేరే: మనిషి సోమవారం రాకపోతే నేను ఎవరికి ఫోన్ చేయాలి? మా కేస్ మేనేజర్ నంబరు ఇచ్చాం. బాండ్ కంటే ఆ నంబరే ఎక్కువ ఉద్యోగాలు ఇప్పించింది.

అంకెలు

150 అనుకున్నాం, 131 మంది చేరారు. మొదటి ఏడాది పోయిన నెలలే ఆ లోటు. మళ్ళీ జైలుకెళ్ళినవాళ్ళ శాతం ఎంత అని అందరూ అడుగుతారు. మాకు ఒక అంకె ఉంది, దాన్ని ఇక్కడ వేయను. పోల్చడానికి మా సేవలు అందని అలాంటి మనుషుల గుంపు మాకు లేదు. అది లేకుండా శాతం చెబితే ప్రచారం అవుతుంది.

అసలు ఏ అంకె అడుగుతున్నారన్నదే పేచీ. న్యాయశాఖ గణాంకాల విభాగం బ్యూరో ఆఫ్ జస్టిస్ స్టాటిస్టిక్స్, 2012లో 34 రాష్ట్రాల్లో విడుదలైనవాళ్ళను చూస్తే, ఐదేళ్ళలో 71 శాతం మంది మళ్ళీ అరెస్టయ్యారు. అరెస్టు వేరు, శిక్ష పడటం వేరు, షరతు తప్పి వెనక్కి వెళ్ళడం వేరు. మా నవంబర్ మనిషి ఒక లెక్కలో విఫలం, ఇంకో లెక్కలో కనిపించనే కనిపించడు.

ఇంకో చేదు విషయం కూడా చెప్పాలి, మా రంగంలో చాలామంది దాన్ని ఎత్తరు. సెకండ్ ఛాన్స్ గ్రాంట్లు అందుకున్న ఏడు కార్యక్రమాల మీద, ఎవరిని చేర్చుకోవాలో లాటరీలా తేల్చి మిగతావాళ్ళను పోలిక గుంపుగా పెట్టి చేసిన పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. కార్యక్రమంలో చేరినవాళ్ళకు సేవలు ఎక్కువగా అందాయి, కానీ మళ్ళీ నేరం కేసుల్లో పడటంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పోలిక గుంపులోవాళ్ళకూ వేరే చోట్ల సేవలు దొరికాయి, కాబట్టి రెండు గుంపుల మధ్య తేడా చిన్నది. అది ఒక కారణం కావచ్చు. నా అనుభవంతో ఇంకోటి కలుపుతాను: సేవల గంటలు లెక్కపెట్టాం, అవి విడుదల తర్వాత ఎన్నో రోజున మొదలయ్యాయో లెక్కపెట్టలేదు. నలభయ్యో రోజున మొదలైన 60 గంటలు, మొదటి రోజున మొదలైన 60 గంటలు నివేదికలో ఒకేలా ఉంటాయి. నా అనుమానం సరైనదో కాదో ఎవరైనా పరీక్షించి చెబితే సంతోషిస్తాను.

ముగింపు కాగితాలు

2024 సెప్టెంబర్‌తో గడువు అయిపోవాలి. అదనపు డబ్బు లేకుండా గడువు మాత్రం పొడిగించమని అడిగాం, 2025 మార్చి దాకా ఇచ్చారు. ఏప్రిల్‌లో న్యాయశాఖ దేశవ్యాప్తంగా మూడు వందలకు పైగా గ్రాంట్లను, తమ ప్రాధాన్యాలకు సరిపోవడం లేదంటూ మధ్యలోనే రద్దు చేసింది. అప్పీళ్ళ తర్వాత కొన్నింటిని పునరుద్ధరించారు. మాది అప్పటికే ముగిసింది కాబట్టి తప్పించుకున్నాం, తెలివితో కాదు.

గ్రాంట్ ముగిశాక 120 రోజుల్లో లెక్కలు మూసేయాలి. వసతి లైనులో 38 వేల డాలర్లు మిగిలాయి. భాగస్వామి దగ్గర ఖాళీ గదులు ఉన్న నెలల్లో మా దగ్గర కాగితాలు లేవు, కాగితాలు అయ్యాక గదులు లేవు. ఆ మొత్తం వెనక్కి వెళ్ళిపోయింది. అదే నెలలో 72 గంటల నిధి అడుగంటింది. గురువారం లిస్టులో ఆ వారం విడుదలయ్యేవాళ్ళు నలుగురు. డైరెక్టర్‌గారు ఆ మధ్యాహ్నమంతా పాత దాతలకు ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. సాయంత్రానికి ముగ్గురికి సరిపడా వచ్చింది. నాలుగో మనిషి ఫోను డబ్బు ఎవరు పెట్టారో నేను అడగలేదు.